పిట్టకు పెట్టిన బీడీ

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ మొదటి వారం.

స్వప్నా,

నీకు ఫోన్ చేసి చేసి వేలు అరిగింది. ఎత్తవని అర్థమయ్యే ఇలా రాస్తున్నాను. మా బస్తీ దవాఖానాలో నాతోపాటు నర్సుగా చేసే సాధన మీ గల్లీ పక్కనే ఉంటుంది కదా, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. మెట్రోలో మూడు స్టేషన్ల దూరానికి ఉత్తరమేమిటని నవ్వింది. నవ్వనీ.

నిన్న జరిగింది నాకు సాయంత్రం దాకా తెలియదు. మామయ్య పోయిన మూడో రోజు మీరంతా వైకుంఠధామంలో, ఆయన్ను మట్టి చేసిన చోట పిట్టకు పెడుతుంటే నేను అక్కడ లేను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్‌లో ‘పొగ తాగరాదు’ బోర్డులు పెట్టడానికి అధికారులు వస్తున్నారంటే అటు పోయాను. తొందరగా వచ్చేస్తానని చెప్పి రాలేకపోయాను. సొంత మేనమామ కంటే దానికి బోర్డు ఎక్కువైందని మీ ఇంట్లో అంటున్నారట. అంటారు మరి, అనాల్సిన మాటే.

కానీ పట్టాభి గారి గురించి ఒక్క మాట విను. ఆయన మా కమిటీ కార్యదర్శి, లెక్కల మాస్టారుగా రిటైరై గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఇక్కడి నుంచి ఎల్బీ నగర్ చౌరస్తా దాకా బస్టాపులు, పార్కులు, చివరికి వైకుంఠధామం కూడా పొగ లేని చోట్లు కావాలని మేమిద్దరం చెప్పులరిగేలా తిరిగాం. చలాన్ రాసే వార్డు ఉద్యోగిని వెంటబెట్టుకుని నిన్న ఆయన అటు వచ్చారు. దూరం నుంచి ఆయనకు కనిపించింది, మట్టిదిబ్బ పక్కన కూర్చుని బీడీ పీలుస్తున్న ఒక పెద్దావిడ. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెడతామనీ, బీడీ తాగే మనిషికైతే బీడీ కూడా ముట్టించి పెడతామనీ ఆయనకు తెలియదు. “మా వైపు పిండాలు పెడతాం గానీ ఇలాంటిది ఎప్పుడూ చూళ్లేదమ్మా, ఆవిడ మీ అత్తగారని తెలిస్తే నేనసలు లోపలికి వెళ్తానా?” అని నా ముందు చేతులు జోడించారు. ఆయన వయసుకు నా ముందు చేతులు జోడిస్తే నాకెలా ఉంటుందో చెప్పు.

అత్త తింటోందా? నిద్రపోతోందా? ఆమెకు రాసిన చలాన్ నిన్న సాయంత్రమే రద్దయింది, దాని గురించి బెంగ వద్దని చెప్పు.

నాకు అర్థం కానిది ఒకటుంది. బీడీ ముట్టించడం కొడుకు పని. యోగేందర్ బావ పక్కనే ఉండగా అది అత్త నోట్లోకి ఎందుకు వచ్చింది? అత్త పుట్టి బుద్ధెరిగి బీడీ నోట్లో పెట్టిన మనిషి కాదు.

నీ వదిన,
అఖిల


ఎల్బీ నగర్,
జూన్.

వదినా,

వేలు అరిగితే మీ దవాఖానాలో మందు ఉంటుంది, పూసుకో.

ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, మాది రెండు గదుల ఇల్లు. నీ పేరు చెవిన పడితే చాలు, అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి లేచిపోతుంది. అందుకని ఉత్తరమే నయం. కుట్టు మిషన్ దగ్గర కూర్చుని రాస్తున్నాను, జాకెట్టు కొలతలు రాసుకుంటున్నానని అమ్మ అనుకుంటుంది.

నువ్వు చూడలేదు కాబట్టి చెబుతాను, విను. విస్తరి వేసి అన్నం, వేట కూర, గుడ్డు, నాయినకు ఇష్టమని కల్లు, అన్నీ పెట్టాం. అమ్మ బీడీ ముట్టించి దిబ్బ మీద పెట్టబోతోంది. మీ మాస్టారు వచ్చి, “అమ్మా, ఇక్కడ పొగ తాగకూడదండీ” అంటూనే ఆమె వేళ్ల మధ్య నుంచి బీడీ లాక్కుని, కింద పడేసి, బూటు కాలితో నలిపేశాడు. గౌరవంగానే మాట్లాడాడు, కాదనను. అండీ అంటూనే నలిపాడు. మా పెద్దనాయిన వాళ్లు ఆయన మీదికి పోయారు, తోపులాట అయింది. ఆ గోలలో కాకులు ఏ చెట్టు మీదికి ఎగిరిపోయాయో తెలియదు. ఎండ నెత్తిన పడేదాకా కూర్చున్నాం. ఒక్క కాకి కూడా దగ్గరికి రాలేదు, విస్తరి ముట్టలేదు.

హయత్‌నగర్ డిపోలో జీవితమంతా బస్సు తోలిన మనిషి మా నాయిన. డ్యూటీ దిగి బీడీ కట్ట విప్పితే ఆ రోజు గడిచినట్టు. ఆ బీడీయే ఊపిరితిత్తులు తినేసిందని నాకూ తెలుసు, నువ్వు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ పోయిన మనిషికి అదింక ఏం చేస్తుంది? అమ్మ రోజంతా అదే మాట అంటోంది: “ఆయన మనసు కొట్టుకుంటున్నది బిడ్డా, అందుకే పిట్ట ముట్టలే.”

నువ్వు అడిగిన దానికి జవాబు లేదు. ఎవరు ముట్టిస్తే ఏం?

దినాలకు నువ్వు రావద్దు. ఇది నేనంటున్న మాట కాదు, అన్న అంటున్నాడు. నేనూ వద్దనే అంటున్నాను.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
జూలై.

స్వప్నా,

రావద్దన్నా వచ్చాను. మా మామయ్య దినాలకు నాకు పిలుపు కావాలా? బావ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. “మా నాయిన చావు మీద చలాన్ రాసినోళ్లు మా ఇంట్ల అడుగువెట్టొద్దు” అన్నాడు. చుట్టాలందరూ చూస్తుండగా వెనక్కి తిరిగి మెట్రో ఎక్కాను. నువ్వు కిటికీలోంచి చూశావు. చూసి పక్కకు తప్పుకున్నావు. అది మాత్రం నేను మరిచిపోను.

ఇక ఆ రోజు దిబ్బ దగ్గరి గొడవను బావ ఫోన్లో తీసి పెట్టిన వీడియో. ‘చచ్చినోనికి చలాన్’ అని పేరు కూడా పెట్టాడు. ఎంతమంది చూశారో లెక్కలేదు. నిన్న ఎల్బీ నగర్ బస్టాప్‌లో ఒకతన్ని సిగరెట్ ఆర్పమన్నాను. “మా తాతకు పెడుతున్న మేడం, పిట్ట కోసం చూస్తున్న” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఒక గర్భిణి అక్కడే నిలబడి ఉంది, పాపం ఆమె కూడా నవ్వింది. ఆ పొగ పోయేది ఆమె లోపలికే. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఈ గొడవ ముదిరితే బోర్డులన్నీ తీసేస్తామని వార్డు సమావేశంలో అన్నారు. పట్టాభి గారు రాజీనామా రాసిచ్చారు, నేను చింపేశాను. అత్త కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటానంటారు, బోర్డు తీయమంటే మాత్రం ససేమిరా అంటారు. నిజం చెప్పాలంటే నాదీ అదే మాట. ఈ పని నేనెందుకు మొదలుపెట్టానో నీకు తెలుసు. మామయ్య మంచం మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, ఒక్కో ఊపిరీ వెతుక్కుంటుంటే చూడలేక మొదలుపెట్టాను. ఆయనకు పట్టింది ఇంకొకరికి పట్టకూడదని. ఇప్పుడు ఆయన ఇంటికే నేను శత్రువునయ్యాను.

పోయిన ఉత్తరంలో అడిగింది మళ్లీ అడుగుతున్నాను. ఎవరు ముట్టిస్తే ఏం అని రాశావు. ఏమీ లేకపోతే అంత పొడిగా రాయవు నువ్వు.

అఖిల


ఎల్బీ నగర్,
ఆగస్టు.

వదినా,

కిటికీ దగ్గర తప్పుకున్నది నిజమే. నువ్వు ఏడుస్తున్నావేమోనని భయమేసింది. ఏడిస్తే నేను గేటు తీసేదాన్ని, అన్నతో ఆ రోజే తెగిపోయేది.

ఇది చదివి చింపెయ్. సాధనకు కూడా చెప్పకు. అన్నకు తెలియదు, ఆయన పొద్దున్నే డ్యూటీకి పోతాడు.

అమ్మ రోజూ డాబా మీదికి పోతోంది. చేతిలో గిన్నెలో అన్నం, కొంగున అగ్గిపెట్టె. పిట్టగోడ మీద అన్నం ముద్ద పెట్టి, బీడీ ముట్టించి, దాని పక్కన పెట్టి, పిట్ట కోసం చూస్తుంది. బీడీ సంగతి నీకు తెలుసు కదా, పీల్చకపోతే ఆరిపోతుంది. ఆరిపోతే మళ్లీ తీసి పీలుస్తుంది, మళ్లీ పెడుతుంది. నాయిన దిండు కింద మిగిలిన కట్టలు అయిపోయాయి. ఇప్పుడు మూల మీది డబ్బా కొట్టులో తనే కొనుక్కొస్తోంది. ఆ షాపువాడు వీడియో చూసినట్టున్నాడు, నవ్వుతూ ఇస్తాడట.

మొదట్లో దగ్గేది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని కిందికి వచ్చేది, నేను మంచినీళ్లు ఇచ్చేదాన్ని. ఇప్పుడు దగ్గడం లేదు. నాకు భయం అదే. నిన్న పైకి పోయి చూశాను. కాకులు అన్నం తినేసి పోయాయి, గోడ ఖాళీగా ఉంది. అమ్మ ఇంకా కూర్చునే ఉంది, బీడీ పూర్తిగా తాగుతోంది. నన్ను చూసి దాచుకోలేదు కూడా. “అన్నం తిన్నయి గానీ బీడి దిక్కు చూస్తలేవు” అంది.

ఆమె మనసులో లెక్క అది. పిట్ట ముట్టాల్సింది అన్నం కాదట, బీడీయట. ఇప్పుడు చెప్పు నర్సమ్మా. ఇల్లంతా నాయిన వాసన వస్తోంది, నాయిన లేడు. నేనేం చేయాలి?

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు.

స్వప్నా,

నీ ఉత్తరం దవాఖానాలోనే చదివాను. సూది మందు వేయాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, సాధనను వేయమని చెప్పి బయటికి వచ్చేశాను.

ముందు చేయాల్సినవి చెబుతాను. తిట్టకు. దాచకు, దాచితే కొత్తది కొనుక్కొస్తుంది. పొద్దున ఖాళీ కడుపుతో పోనివ్వకు. ఆయాసం, జ్వరం ఏది వచ్చినా వెంటనే నాకు చెప్పు, మీ అన్న ఏమనుకున్నా సరే వస్తాను. ఎల్బీ నగర్ దాకా బోర్డులు పెట్టించుకుంటూ వచ్చి, మా అత్త చేతికి బీడీ ఇచ్చాను నేను. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఇక బావ సంగతి. రాత్రంతా ఆలోచించాక నాకు తట్టింది. మామయ్యను చివరిసారి పెద్ద దవాఖానాలో చేర్చినప్పుడు, ఆక్సిజన్ పెట్టుకుని ఉన్న మామయ్య చేతిలో బావ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది నేనే. సిగరెట్టూ బీడీ ఇక నోట్లో పెట్టనని అన్నాడు. మామయ్య మాట్లాడలేక ఆ చెయ్యి నొక్కాడు. బావ ఆ మాట మీద నిలబడ్డాడు. నిలబడినందుకే ఆ రోజు బీడీ ముట్టించనన్నాడు. అవునా?

అదే నిజమైతే ఆయన నా మీద కోపంతో వీడియో పెట్టలేదు. ఆ రోజు తన వల్లే ఇదంతా జరిగిందని ఎవరూ అనకుండా పెట్టాడు.

అఖిల


ఎల్బీ నగర్,
సెప్టెంబర్.

వదినా,

అవును.

అన్న చేతికి అమ్మ బీడీ ఇచ్చింది. అన్న తీసుకున్నాడు, అగ్గిపుల్ల గీశాడు, నోటి దాకా తెచ్చాడు. తర్వాత దించేశాడు. “నాతోని కాదమ్మా, నాయినకు మాటిచ్చిన” అన్నాడు. చుట్టాలంతా ఆయన మీద పడ్డారు. ఒక్క దమ్ము గుంజితే ఒట్టు పోతుందా అని ఒకరు, తండ్రికి అంతమాత్రం చేయలేవా అని ఒకరు. అమ్మ అందరి ముందూ, “నువ్వు కొడుకువే కాదు” అని బీడీ లాక్కుని తన నోట్లో పెట్టుకుంది. మీ మాస్టారు చూసింది ఆ తర్వాతే. ఇంకొంచెం ముందు వచ్చుంటే ఆయన నలపడానికి బీడీయే ఉండేది కాదు.

అప్పటి నుంచి అమ్మా అన్నా ఒకే ఇంట్లో ఉండి కూడా అవసరానికి మించి మాట్లాడుకోరు. అన్న తన కోపమంతా నీ మీద కుమ్మరించాడు. పాపం, ఇంకెక్కడ కుమ్మరిస్తాడు?

మొన్న నేనే తెగించి అమ్మను అడిగాను, ఏం చేస్తే డాబా మీదికి పోవడం మానేస్తావని. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: “పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు ఆడనే, ఆయన్ను వెట్టిన కాడనే మళ్ల పెట్టాలె. నా కొడుకు ముట్టియ్యడు. మరి ఎవరి మనుషులు ఆర్పిండ్రో ఆళ్లే ముట్టియ్యాలె. అఖిలను రమ్మను. పిట్ట ముడితే నేను ఈ గోడ కాడికి మళ్ల పోను.”

నేను నిన్ను బలవంతం చేయను. నువ్వు వస్తే అన్న ఫోన్ పట్టుకుని నిలబడతాడు, బోర్డులు పెట్టించిన మేడమే బోర్డు కింద బీడీ తాగిందని ఊరంతా చూస్తుంది. నువ్వు రాకపోతే అమ్మ మానదు. నిన్న మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది.

స్వప్న


దిల్‌సుఖ్‌నగర్,
పెత్రమాసకు ముందు రోజు.

స్వప్నా,

రేపు వస్తున్నాను.

పట్టాభి గారితో ఈ వారమంతా వాదించాను. “మీ అత్తగారి బాధ నాకు అర్థమైందమ్మా. కానీ ఇవాళ మనం మనవాళ్లకు సడలిస్తే రేపు ఎవర్ని ఆపగలం?” అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అదే నాకు కష్టం. ఆ బస్టాప్‌లో నవ్విన గర్భిణికి నేనేం చెప్పాలి? అత్త మెట్ల మీద ఆగిందని నువ్వు రాసిన మాట ఒకవైపు, ఆ గర్భిణి ఒకవైపు. రెండు రాత్రులు నాకు కంటి మీద కునుకు లేదు.

చివరికి ఇలా అనుకున్నాను. నేను ముట్టిస్తాను. వార్డు ఉద్యోగి అక్కడే ఉంటాడు, అందరికీ రాసినట్టే నాకూ చలాన్ రాస్తాడు. సడలింపు లేదు. తర్వాత నేను కమిటీలో ఉండాలా వద్దా అనేది సభ్యులు తేలుస్తారు. పట్టాభి గారు ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. రేపు నా వెంట వస్తానన్నారు, దూరంగా నిలబడతారు.

బావ వీడియో తీస్తే తీయనీ. అడ్డుపడకు.

ఇప్పటిదాకా నా నోట్లోకి పొగ పోనిచ్చినదాన్ని కాదు. పిట్ట రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. అప్పుడు ఇటు అత్తా ఉండదు, అటు బోర్డూ ఉండదు. భయంగా ఉంది స్వప్నా. నువ్వు నా పక్కన నిలబడు.

అఖిల


ఎల్బీ నగర్,
పెత్రమాస మరునాడు.

వదినా,

ముందుగా, అమ్మ కాలు బాగానే ఉంది. నువ్వు చెప్పిన మందే పూస్తున్నాం. చిన్న బొబ్బ, అంతే. నువ్వు చలాన్ కాగితం పట్టుకుని మాస్టారితో వార్డు ఆఫీసుకు పోయావు కాబట్టి ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు పీల్చగానే ఆ దగ్గు ఏమిటి వదినా? ఒక్క దమ్ముకే వంగిపోయి, ఊపిరి అందక, గొంతు పట్టుకుని దిబ్బ పక్కన కూలబడ్డావు. అయినా బీడీ వదల్లేదు, ఆరిపోతుందేమోనని మళ్లీ నోటి దగ్గరికి తెచ్చావు. అప్పుడే అమ్మ అరిచింది, “బంజెయ్ పిల్లా, బంజెయ్” అని. నీ చేతిలోంచి లాగి కింద పడేసి, చెప్పులు విప్పి ఉన్న సంగతి కూడా మరిచి, వట్టి కాలితో తొక్కింది. నిప్పు అంటుకున్నా తీయలేదు.

పిట్ట వచ్చిందా అని నువ్వు అడుగుతావు. నేను చూడలేదు. ఎవరం చూడలేదు. అమ్మ నీ వీపు రుద్దుతోంది, మీ మాస్టారు పరిగెత్తుకుంటూ నీళ్ల సీసా తెచ్చాడు, అన్న ఫోన్ జేబులో పెట్టేసి నీకు నీళ్లు పట్టాడు. విస్తరి వైపు చూడటం అందరం మరిచిపోయాం.

ఇంటికి వచ్చాక అమ్మను గడప దగ్గర కూర్చోబెట్టి అన్న మందు తెచ్చాడు. ఆమె కాలు తన తొడ మీద పెట్టుకుని పూస్తున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ మెల్లగా అంది: “అఖిల దగ్గుతుంటె మీ నాయినే దగ్గినట్టయింది. గిదే దగ్గు, గిట్లనే గొంతు వట్టుకునుడు. గదంత చూసి కూడా, ఆ దినం నీ చేతుల బీడి వెట్టి తాగమన్న. నువ్వు ముట్టియ్యకపోవుడే మంచిదైంది కొడుకా. మీ నాయినకు నువ్వొక్కనివే మాట నిలవెట్టినవ్. నిన్ను కొడుకువే కాదంటి.”

మందు పూయడం ఎప్పుడో అయిపోయింది, అన్న ఆ కాలు మాత్రం వదల్లేదు.

స్వప్న